తమ్ముడి సెలవు

అక్కకు,

నువ్వు ఫోన్ పెట్టేశావు కాబట్టి రాస్తున్నాను. ఉత్తరాన్ని చింపగలవు గానీ మధ్యలో నా నోరు నొక్కలేవు.

తమ్ముడు అడిగిందేమిటి? ఒక్క రోజు సెలవు. సెంటర్లో భోజనాల దగ్గర అందరి ముందూ, "చిన్నక్కా, నాకు సెలవెప్పుడు?" అన్నాడు. మా ఆయా నవ్వి, నువ్వేం పని చేస్తున్నావు నాయనా సెలవుకి, అంది. ఆమెను తిట్టాను. నువ్వూ ఫోన్లో అదే మాటన్నావు.

ఏం పనా? వ్యాన్ హారన్‌కి పరిగెత్తడం, ఎవరో చెప్పినప్పుడు తినడం, నచ్చనివాళ్ళ పక్కన కూర్చుని పూసలు గుచ్చడం, మర్నాడు వాటినే విప్పి మళ్ళీ గుచ్చడం. ఇంతకన్నా చాకిరీ ఉందా? నలభై దాటినవాడు. బుద్ధి ఎదగకపోతే మనిషే ఎదగనట్టా? జీతగాడికి సెలవుంది, బడిపిల్లలకు సెలవుంది. మన సంరక్షణలో ఉన్న పాపానికి వాడికి లేదు. ఇలాంటివాళ్ళను గదుల్లో మూసిపెడుతున్నారని గొంతు చించుకుని ఈ సెంటర్ పెట్టాను. ఆదివారం కూడా తెరవమని మీరంతా పోరితే తెరిచాను. ఇప్పుడు మూసిపెట్టేది నేనే. ఆ మాట ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

గురువారం వాణ్ణి పంపకు. ఇంట్లో ఉండనీ.

నీ చెల్లెలు

*

చెల్లీ,

నీ ఉపన్యాసం అందింది. చప్పట్లు కొడదామంటే చేతులు ఖాళీగా లేవు, వాడి బట్టలు పిండుతున్నాను.

సెలవిమ్మంటున్నావు. ఎవరి సెలవులోంచి? వాణ్ణి వ్యాన్ ఎక్కించాక నేనేం చేస్తానో తెలుసా? ఏమీ చెయ్యను. తలుపేసుకుని కూర్చుంటాను. ఆ కాసేపు నన్ను పిలిచేవాళ్ళుండరు. అమ్మ పోయినప్పటి నుంచి నాకు దక్కింది అదొక్కటే. సెంటర్ వాడికోసం పెట్టాననుకుంటున్నావు. నాకోసం పెట్టావే పిచ్చిదానా.

గురువారం వ్యాన్ ఎక్కిస్తాను. సెలవో, కొలువో, నీ దగ్గరే తేల్చుకో.

అక్క

*

అక్కా,

వ్యాన్ దిగాడు గానీ లోపలికి రాలేదు. ఎదురుగా టైలరు కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. గేటు దగ్గరికెళ్ళి పిలిస్తే, ఇవాళ నాకు సెలవు అన్నాడు. పోనీ ఇంట్లో దింపించనా అన్నాను.

"వద్దు. అక్కడ పెద్దక్కకి సెలవు."

నువ్వు తలుపేసుకుంటావని వాడికెవరు చెప్పారు? వాడి సెలవు ఇంట్లోనా, సెంటర్లోనా అని మనం జుట్లు పట్టుకున్నాం. వాడికి కావలసింది మనిద్దరి నుంచీ సెలవు.

తర్వాతది సిగ్గు విడిచి రాస్తున్నాను. ఎండెక్కింది రమ్మన్నాను, రాలేదు. అన్నం చల్లారిపోతోందన్నాను, టైలరుతో పంచుకుని తిన్నాడు. చివరికి చెయ్యి పట్టుకుని లాగబోయాను. టైలరు కుట్టు ఆపి, ఏమ్మా, ఆయన మిమ్మల్నేమన్నా అన్నాడా అని అడిగాడు. ఆయన! వదిలేశాను.

సాయంత్రం దాకా కిటికీ ఊచల్లోంచి చూస్తూనే ఉన్నాను. వాడేమీ చెయ్యలేదక్కా. కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు. ఎవరో వచ్చి కాస్త జరగమంటే జరిగాడు. ఇక నుంచి ప్రతి గురువారం ఇంతే. నేను ఒప్పేసుకున్నాను, వాడు నన్ను అడక్కపోయినా.

వ్యాన్ ఎక్కి కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు: "చాలా బాగుంది చిన్నక్కా. నువ్వెందుకు రాలేదు?"

వ్యాన్ వెళ్ళిపోయింది. లోపల ఇంకా ముగ్గురున్నారు, వాళ్ళను తీసుకెళ్ళడానికి ఇళ్ళ నుంచి ఎవరూ రాలేదు. లోపలికెళ్ళాను.

నీ చెల్లెలు