కప్ప ఆటలో లారీ హారన్

బావా,

లారీల మధ్య నుంచి కప్పని రోడ్డు దాటించే ఆట గుర్తుందా? నీ పాత కంప్యూటర్‌ని టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడేవాళ్లం. దానికి బోలెడు నకళ్లున్నాయట. నీ సంవత్సరీకానికి గరివిడి వచ్చి, భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌లో వాటిలో ఆరు ఆడి చూశాను. మనది ఏదో తేలలేదు. మనదాంట్లో లారీ మీదికొస్తే అచ్చం మీ సాలూరు లారీలా హారన్ మోగేది. వీటిలో ఒక్కటీ మోగదు.

ఆ హారన్ మోగే ఆట ఏదని విస్తళ్లు తీస్తున్న అక్కని అడిగాను.

"ఆ ఆటకి సప్పుడేటిరా? టీవీ స్పీకరు ఎప్పుడో పోనాది. నీ ఎనకాల కూకోని మీ బావే నోటితో కొట్టీవోడు."

మళ్లీ ఆరూ పెట్టాను. ఇప్పుడు అన్నీ మనదానిలాగే ఉన్నాయి. కప్ప మాత్రం రోడ్డు ఒడ్డునే ఉంది బావా. ఎప్పుడు దూకించాలో తెలియడం లేదు.