ఎల్ అంటే లింగమే

చింతాద్రిపేట, మద్రాసు
10-1-1975

చిరంజీవి గోపాలయ్యకు మీ బావ కోటిలింగం దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అక్క అలివేలుమంగా బాగున్నాం. నువ్వు కూనూరు కొండమీద దొరల క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్నందుకు ఇన్నాళ్ళకు నాకొక ఉపయోగం కనిపించింది.

బొంబాయి పంపుల కంపెనీవాళ్ళు మద్రాసు మొత్తానికి ఒక్కడే ఏజెంటును పెడతారట. అది దొరికితే మన పంపుల కొట్టు నిలుస్తుంది. దొరక్కపోతే తాళ్ళూ బకెట్లూ అమ్ముకోవలసిందే. ఇచ్చేది కొత్త మేనేజరు కృష్ణస్వామి. పోయిన వారం వ్యాపారులందరికీ టీ పార్టీ ఇచ్చాడు. పార్కుటౌను కోదండరాం తెలుసుగా, నన్ను 'అన్నా' అని నోరారా పిలిచి నా గిరాకీని తన కొట్టుకు లాక్కుపోయే తమ్ముడు, మేనేజరు పక్కనే కూర్చుని గోల్ఫు ముచ్చట్లు చెబుతున్నాడు. మేనేజరు నావైపు తిరిగి, "మీరూ ఆడతారా మిస్టర్ లింగం?" అన్నాడు. లేదని చెబుదామనే నోరు తెరిచాను. "ఆడకేం సార్, ప్రతి ఆదివారం అదే పని గదా" అని బయటికి వచ్చింది.

"అట్లయితే వచ్చే నెల ఆఖరి ఆదివారం గిండీ గోల్ఫు మైదానానికి రండి, ఏజెన్సీ సంగతి ఆడ మాట్లాడదాం" అన్నాడు. కాబట్టి వెంటనే గోల్ఫు కర్ర పంపగలవు.

ఇట్లు, ఇరుక్కుపోయిన నీ బావ,
కోటిలింగం

తా.క. బంతి ఒకటే గనుక కర్ర కూడా ఒకటే చాలుననుకుంటాను. చేవ ఉన్నది చూడు. ఆట అయ్యాక పాములు కొట్టడానికైనా పనికిరావాలి.


కూనూరు
16-1-1975

పూజ్యులైన బావగారికి గోపాలయ్య నమస్కారాలు.

మీరు ప్రతి ఆదివారం గోల్ఫు ఆడుతూ కూడా మాకెవరికీ తెలియనివ్వకపోవడం మీ వినయానికి నిదర్శనం. మరి ఆదివారాల్లో కొత్వాల్ చావిడి బజారులో బెండకాయలు విరిచి చూస్తూ అక్కకు కనిపించేది ఎవరో!

కర్ర ఒకటి చాలదు. పద్నాలుగు దాకా ఉంటాయి. కొన్నిటికి తల కొయ్యది, కొన్నిటికి ఇనుముది. తల సంగతి తర్వాత చూద్దాం, తల లేకుండానే ఈ ఆటలో దిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ముఖ్యమైనది కాడ. దాన్ని షాఫ్టు అంటారు. ఉక్కుదే గాని వంగుతుంది. ఎంత వంగేది కావాలో స్వింగును బట్టి తేల్చాలి. స్వింగు వేగమైతే బిర్రుగా ఉండే కాడ, నిదానమైతే మెత్తని కాడ. ఏది ఏదో తెలియడానికి కాడమీద ఇంగ్లీషు అక్షరం ఉంటుంది.

అందుచేత మీ స్వింగు ఎలాంటిదో దాచకుండా రాయండి. వేగం ఎలా ఉంటుంది, ఎంత ఎత్తు పోతుంది, ఏ పక్కకు లాగుతుంది? డాక్టరుతోనూ కర్రలు ఎంచేవాడితోనూ అబద్ధమాడకూడదు.

మీ ఆటను చూసే భాగ్యం లేని
గోపాలయ్య

తా.క. పాములకు వేరే కర్ర ఉంచుకోండి. గోల్ఫు కర్ర ఎత్తితే పాము బతికిపోవచ్చు. మీ వెనక నిలబడ్డవాడికి మాత్రం నా పూచీ లేదు.


చింతాద్రిపేట
21-1-1975

చి. గోపాలయ్యకు ఆశీస్సులు.

మన ఇంటి స్వింగుతో గోల్ఫుకు పనేమిటో నాకు తెలియదు. దొరల ఆట కదా, ఏం అడిగినా చెప్పాలి. రాసుకో.

అది మా నాన్నగారి నుంచి నాకు వచ్చింది. మొదట కదలనని మొండికేస్తుంది. కాలితో నేలను ఒక్క తోపు తోస్తే దారికొస్తుంది. వేగమంటావా, మహా ప్రశాంతం. ఎత్తు మోకాలు దాటదు. వెనక్కి పోయేటప్పుడు కిర్రుమంటుంది, ఆముదం రాస్తే తగ్గుతుంది. భోజనం తర్వాతైతే నడి ఊపులోనే కునుకు పడుతుంది. మీ అక్క వచ్చి చేరితే ఎడమపక్కకు లాగుతుంది. ఆ మాట ఆమెతో ఇంతవరకు అనలేదు, నువ్వూ అనకు.

మన వీధిలో ఇంతటి స్వింగు ఇంకొకరికి లేదు.

గర్వంతో,
కోటిలింగం

తా.క. పోయిన శ్రావణంలో చుట్టాల పిల్లలు నలుగురు ఒక్కసారే ఎక్కారు. కిమ్మనకుండా మోసింది.


కూనూరు
28-1-1975

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని మా క్లబ్బు సెక్రటరీ దొరగారికి ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఆయన పైపు నోట్లోంచి తీసి బల్లమీద పెట్టారు. తర్వాత, "ఈ మనిషి ఇంకా బతికే ఉన్నాడా?" అని అడిగారు. గోల్ఫు పుట్టిన దగ్గర్నుంచి నలుగురు పిల్లలను ఎక్కించుకుని స్వింగు చేసినవాడు లేడట. కీళ్ళకు ఆముదం సంగతి మాత్రం తన భార్యకు చెబుతానన్నారు.

కర్రను మోకాలు దాటకుండా ఊపే స్వింగుకు లోకంలోకెల్లా మెత్తని కాడ కావాలి. అదృష్టవశాత్తు ఇక్కడి తేయాకు తోటల దొరసాని ఒకావిడ సీమకు వెళ్ళిపోతూ ఒక సెట్టు వదిలేసింది. కాడలమీద 'ఎల్' అనే అక్షరం ఉంటుంది. రైలు పార్సిలులో వేశాను. ఇంతకంటె మెత్తనిది కావాలంటే మల్లెపూల దండతో ఆడాలి.

అక్కను ఆటకు తీసుకెళ్ళకండి, ఎడమపక్కకు లాగుతోందని మీరే రాశారు.

మీ ఆరోగ్యం కోరే
గోపాలయ్య

తా.క. ఎల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆకాశం వైపు చూడండి. గోల్ఫులో మౌనం మర్యాద.


చింతాద్రిపేట
8-2-1975

ఓ మహా మేధావి గోపాలయ్యకు,

ఆశీస్సులు ఇంకో ఉత్తరంలో. నేను రాసింది మన నడవలో ఇత్తడి గొలుసులతో వేలాడుతున్న టేకు ఊయల గురించిరా! దానికి కాక నా కీళ్ళకా ఆముదం? పిల్లలు ఎక్కింది నా వీపుమీదనుకున్నావా?

అంతకన్నా ఘోరం విను. పార్సిలు విప్పి చూస్తే ప్రతి కాడమీదా ఎల్. నా పేరు కొట్టించి పంపావనుకుని కళ్ళు చెమర్చాయి. వీధిలో ఇంటింటికీ చూపించాను. నేర్చుకుందామని గిండీకి పోయిన మొదటి పొద్దునే కోదండరాం తగులుకున్నాడు.

"ఏందన్నా, ఎల్ అని ఉండాది?"

"ఎల్ అంటే లింగం. మా బావమరిది ఆర్డరిచ్చి చేయించినాడు."

"అయ్యో అన్నా, ఎల్ అంటే లేడీస్! ఆడోళ్ళు ఆడేది. ఈడ మగోళ్ళకు ఎక్స్. అంటే ఎక్స్‌ట్రా బిర్రు. మేనేజరు సార్‌దీ అదే. నా సెట్టు ఉండాది, నీకోసరం ఇచ్చేస్తా. నేనెట్లనో సర్దుకుంటాలే."

ఎంత మంచి మనసు! వెంటనే తీసుకున్నాను. అప్పటినుంచి భుజం నాది కాదు, నడుము ఎవరిదో తెలియదు. బంతి లేవదు. చింతగింజలా దొర్లుతుంది. ఎప్పుడైనా లేస్తే కుడిపక్కకు పోతుంది. కుడిపక్క పందెపు గుర్రాలను తిప్పే చోటు. ఒక గుర్రమైతే నన్ను దూరం నుంచే గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటోంది. ఇప్పుడేం చెయ్యాలి?

నీ బావ
(లింగం అని పొట్టిగా రాయడం మానేశాను)

తా.క. కోదండరాం అదృష్టవంతుడు. ఎక్స్ సెట్టు నాకిచ్చిన దగ్గర్నుంచి అతని ఆట బాగుపడింది.


కూనూరు
14-2-1975

బావగారికి సాష్టాంగ నమస్కారాలు.

మీరు గడ్డపారతో దోమలు కొడుతున్నారు. కాడ వంగి, మళ్ళీ నిటారుగా అయ్యేటప్పుడు ఆ విసురుకు బంతి ఎగురుతుంది. వంచేటంత ఊపు చేతిలో లేకపోతే ఎక్స్ కాడా ఇంటి కిటికీ ఊచా ఒకటే. బంతి లేవదు, కుడికి పోతుంది, గుర్రాలతో పరిచయాలు పెరుగుతాయి. కాడ మన చేతికి సరిపోవాలి, మన మీసానికి కాదు.

మీరు ఊయల గురించి రాసినా నేను పంపింది సరైనదే. ఊయలకూ మీకూ నడకలో పెద్ద తేడా లేదని అక్క రాసింది.

ఒక్కటే ఉపాయం. ఎల్ కర్రలే తీసుకెళ్ళండి. అక్షరం మీద నల్ల టేపు చుట్టండి. పౌరుషం టేపు కింద పడుకుంటుంది, బంతి గాల్లో పోతుంది.

శిష్యుడికి విజయం కోరే
గోపాలయ్య

తా.క. కరెంటు తీగలకు చుట్టే టేపు చాలు. పంపుల వ్యాపారి దగ్గర అది ఉంటే ఎవరూ అనుమానించరు. ఆ కొట్టులో పనికొచ్చే వస్తువు అదొక్కటైనా ఉందని సంతోషిస్తారు.


చింతాద్రిపేట
24-2-1975

నాయనా గోపాలయ్యా,

మునిగాను. మొదట గెలిచి, తర్వాత మునిగాను.

నిన్న టేపు చుట్టుకుని వెళ్ళాను. మెల్లగా ఊపాను. బంతి లేచింది! కొంగలాగా లేచి తిన్నగా పోయి గడ్డిమీద వాలింది. నా జన్మలో నా మాట విన్న వస్తువు అదొక్కటే. మేనేజరు కృష్ణస్వామి ఎక్స్ కర్రలతో పళ్ళు కొరుక్కుంటూ కొట్టిన బంతులన్నీ కుడిపక్క పొదల్లోకి పోతున్నాయి. కోదండరాం వాటిని వెతికి తెస్తున్నాడు, నోట్లో కరుచుకు రావడం ఒక్కటే తక్కువ. "భేష్ మిస్టర్ లింగం!" అన్నాడు మేనేజరు. ఏజెన్సీ నా జేబులో పడ్డట్టే అనుకున్నాను.

ఎండెక్కింది. టేపు జిగురు కరిగింది. నా చేతికి అంటుకుని వచ్చేసింది. మేనేజరు భార్య జయంతమ్మ మాతోపాటే నడుస్తోంది. ఆమే చూసింది.

"ఇది ఎల్ గదా! ఈ కర్రలు మీవా?"

అందరూ ఆగిపోయారు. కోదండరాం ముఖం దీపావళి. నా నోటి సంగతి నీకు తెలుసు.

"నావి కావమ్మా, మా ఇంట్లోవాళ్ళవి. ఆమె రోజూ ఆడతాది. నా సెట్టు రిపేరుకు పోయుండాది" అన్నాను.

"అట్లనా! ఈడ నాతో ఆడేదానికి ఒక్క ఆడమనిషి లేదే అని ఏడుస్తా ఉన్నాను. వచ్చే ఆదివారం తప్పకుండా పిలుచుకొని రండి!"

"అవును, ఏజెన్సీ సంగతి అప్పుడే తేల్చేద్దాం" అన్నాడు మేనేజరు.

ఇంటికొచ్చి మీ అక్కకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. కాఫీ కూడా ఇచ్చింది. నాకు భయంగా ఉంది. ఆదివారం లోపల గోల్ఫు నేర్పే మార్గం తంతి ద్వారా తెలుపు.

నీ బావ

తా.క. చీరకొంగు ఏ పక్కకు దోపుకుంటే బంతి తిన్నగా పోతుందో మీ సెక్రటరీ దొరను అడిగి రాయి.


చింతాద్రిపేట
26-3-1975

తమ్ముడు గోపాలయ్యకు అక్క అలివేలుమంగ ఆశీర్వదించి రాసేది.

మీ బావగారు నడుముకు కాపడం పెట్టించుకుంటున్నారు కాబట్టి ఈసారి కలం నాకొచ్చింది. నీ తంతి అందింది. 'అక్కకు తలనొప్పి అని చెప్పండి' అని ఇచ్చావు. ఇంతకాలం మీ ఇద్దరి ఉత్తరాలు చదివాక అది అబద్ధం కూడా కాదు.

నేను వెళ్ళాను. వెళ్ళగానే జయంతమ్మను పక్కకు పిలిచి, "నాకు ఈ ఆట రాదమ్మా. ఆ కర్రలు ఆయనవే. సిగ్గుపడి అబద్ధం చెప్పినారు" అన్నాను. ఆమె నవ్వి నవ్వి గడ్డిమీద కూలబడింది. "మా ఆయనకూ అవే సరిపోతాయి అక్కా. చెప్తే ఇంట్లో అన్నం తినరు" అంది.

మగవాళ్ళు బంతులు వెతుక్కుంటుంటే మేమిద్దరం నీడన కూర్చున్నాం. నేను తెచ్చిన పులిహోర తిని ఆమె చెయ్యి కడుక్కుంటూ, ఇంట్లో ఈమాత్రం నీళ్ళు కూడా లేవని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ ఏడు మద్రాసులో నీళ్ళ కరువు నీకు తెలిసిందే. బావుల్లో అడుగు కనిపిస్తోంది. పంపుల కంపెనీ మేనేజరు ఇల్లై ఉండి కూడా, మైలాపూరులో ఇరుగుపొరుగు చూస్తుండగా బిందె పట్టుకుని నీళ్ళ లారీ వెనక పరుగెత్తాల్సి వస్తోందట. ఆయన మోటారు మార్చాడు. నీళ్ళు రాలేదు. ఇంకా పెద్ద మోటారు పెట్టాడు. చప్పుడు పెరిగింది.

"నీళ్ళు కిందికి పోతే పెద్ద మోటారు ఏం చేస్తాదమ్మా? గాలినే జోరుగా లాగతాది. చిన్నది చాలు. దాన్ని బావిలోకి దించి, పైపు అడుక్కు వెయ్యాల" అన్నాను. పంపులవాడితో పాతికేళ్ళు కాపురం చేస్తే ఎవరికైనా ఇది తెలుస్తుంది. పంపులవాడికి తప్ప అనుకో. ఆయనకు ఆ ఆదివారం గోల్ఫు ఉంది.

మధ్యాహ్నమే మన కొట్టులో పంపులు బిగించే పళనిని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దుగూకే లోపల తొట్టి నిండింది. జయంతమ్మ ఆ నీళ్ళను చూసినట్టు ఎవరూ బంగారాన్ని కూడా చూడరు. మేనేజరు వచ్చి తొట్టినీ నన్నూ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం కంపెనీ ఉత్తరువు వచ్చింది. ఏజెన్సీ మనదే. అయితే నా పేరున. 'నిజం చెప్పేవాళ్ళ పేరున పెట్టండి, కంపెనీకి మంచిది' అని జయంతమ్మ అందట. మీ బావగారు రెండు రోజులు ఊయల దిగలేదు. తర్వాత తానే బోర్డు రాసేవాణ్ణి పిలుచుకొచ్చి 'అలివేలుమంగ ఏజెన్సీస్' అని రాయించారు. కింద 'మేనేజింగ్ హస్బెండు' అని తన పేరు కూడా వెయ్యమన్నారు. ఆలోచిస్తానని చెప్పాను.

ఆదివారాలు జయంతమ్మ నాకు ఆట నేర్పుతోంది. ఆ ఎల్ కర్రలు నా చేతికి చక్కగా ఉన్నాయి. మిగతా రోజుల్లో ఆయనను వాడుకోమన్నాను. కోదండరాం మన కొట్టుకు వచ్చి నల్ల టేపు కొనుక్కుపోయాడు. ఎందుకని నేను అడగలేదు.

నీ అక్క
అలివేలుమంగ

తా.క. ఇంత శాస్త్రం తెలిసిన నీ హ్యాండిక్యాప్ ఎంత అని జయంతమ్మ అడిగింది. "అట్లాంటివేమీ లేవమ్మా, కాళ్ళూ చేతులూ బాగానే ఉండాయి" అన్నాను. తీరా చూస్తే అది ఆటగాడి సత్తాకు వేసే లెక్కట. మే నెలలో నేనూ జయంతమ్మా కూనూరు వస్తున్నాం. నువ్వు మాకు ఆడి చూపించాలి. నీ స్వింగుకు ఏ అక్షరం కాడ సరిపోతుందో ముందుగా రాయి.


తంతి
కూనూరు, 31-3-1975

అలివేలుమంగ, చింతాద్రిపేట, మద్రాసు.

మే నెలంతా కూనూరులో భయంకర వానలు. మైదానం మూసేశారు. నాకు రెండు చేతులూ బెణికాయి. రావద్దు. గోపాలయ్య.