క్లచ్ వైరు, ఎడమ చెయ్యి

డిసెంబర్ 3, బుధవారం

పొద్దున మళ్లీ అదే. క్లచ్ బిగుసుకుపోయింది. నాలుగు వేళ్లూ వేసి లాగితే లివర్ సగమే వచ్చింది. ఈ వికారాబాద్ చలికి బండీ నేనూ ఒకేలా లేస్తున్నాం. ధారూర్ దాటి ఎండ తగిలాక కాస్త వదులైంది. తాండూరు చేరేసరికి ఎడమ అరచేతిలో తిమ్మిరి... మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత ఆ చేత్తో రాలేదు.

వైరే. ఇంకేమీ కాదు.

డిసెంబర్ 5, శుక్రవారం

సంచిలో శాంపిల్ బండలు వేసుకుని పరిగి. ఇల్లు కట్టుకునేవాళ్లకు చూపించడం, ఆర్డర్ తేవడం. రాయి కోసే యూనిట్లో మిషన్ మీద ఇరవై ఏళ్లు చేశాక సేటు ఇచ్చిన పని ఇది. "కోసింది సాలు, ఇగ తిరుగు" అన్నాడు అప్పట్లో. బండి నడపలేనివాడికి ఆ యూనిట్లో ఇంకో పని లేదు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

వచ్చేటప్పుడు గేర్ మార్చిన ప్రతిసారీ నొప్పికి పళ్లు బిగబట్టాను. ఆదివారం ఈ వైరు సంగతి చూడాలి.

డిసెంబర్ 7, ఆదివారం

చర్చి నుంచి వచ్చి, చొక్కా మార్చి, వైరు విప్పాను. సువార్త గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "గాడ మోకరిల్లొచ్చి మల్ల గీడ మోకరిల్లినవా" అంది. పెళ్లైన ఇన్నేళ్లలో నా మీద ఈమె నోరు ఒక్కరోజు ఊరుకోలేదు.

నూనె కోసం కిటికీలో సీసా తీశాను. కొబ్బరినూనె. సీసా వంచితే చుక్క రాలేదు... తెల్లగా గడ్డ. అలాగే చూస్తూ నిలబడ్డాను. మా నాయన సైకిల్ చైనుకు ఇదే పోసేవాడు. నేనూ ప్రతి వానాకాలం వైరులో ఇదే పోస్తున్నాను. నర్సింలుకు ఫోన్ చేశాను. మెకానిక్ కదా, నవ్వాడు. "అన్నా, తలకు వెట్టేది వైర్ల వోసినవా? సలికి గడ్డగట్టదా మరి? దానికి మీ తాండూర్ బండల పొడి ఒకటి. లప్పం అయితది." అక్షరాలా అదే అయింది.

పాల ప్యాకెట్ మూల కత్తిరించి, వైరు పై కొసకు దారంతో కట్టాను. గరాటా అన్నమాట. తలుపు పైన మేకుకు వేలాడదీసి ముందు డీజిల్ పోశాను. లోపలి తీగను పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే కింద పేపర్ మీద నల్లటి బురద. తర్వాత పల్చటి ఇంజిన్ ఆయిల్. సాయంత్రానికి చుక్కలు తేటపడ్డాయి. తీగ తన బరువుకు తానే జారుతోంది. రెండు కొసలకూ గ్రీజు రాసి బిగించాను. లివర్ దగ్గర రూపాయి బిళ్ల మందం వదులు ఉంచాను.

నడుము పోయింది. అయినా సంతోషంగా ఉంది.

డిసెంబర్ 8, సోమవారం

మెత్తగా వచ్చింది! తాండూరు దాకా ఒక్కసారి కూడా పళ్లు బిగబట్టలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

తిమ్మిరి ఉంది. చలి కదా.

డిసెంబర్ 11, గురువారం

రాయబుద్ధి కావడం లేదు. తాండూరు రైలు గేటు. గేటు లేచింది. క్లచ్ పట్టి గేర్ వేశాను. వేళ్లు వాటంతట అవే విడిపోయాయి... బండి ఎగిరి ముందుకు దూకి ఆగిపోయింది. నేను కింద, బండి నా మీద. సంచిలో బండలు రెండు పగిలాయి. వెనక లారీవాడు కిటికీలోంచి "హోగప్పా, హోగు" అని, పొమ్మని కన్నడంలో అరుస్తున్నాడు. నలుగురు లేపారు. "వైరు తెగింది" అన్నాను.

ఒక ఆటోవాడు వంగి చూశాడు. "మంచిగనే ఉంది గదనే పెద్దమనిషీ" అన్నాడు. వాడినెవరు చూడమన్నారు?

సువార్తకు చెప్పలేదు. మోకాలు దోక్కుపోయింది, ప్యాంటు కింద కనబడదు.

డిసెంబర్ 13, శనివారం

నర్సింలు షాపు. కొత్త వైరు వేయమన్నాను. పాతది బయటికి తీసి గుడ్డతో తుడిచాడు, రెండు కొసలూ వెలుగులో పెట్టి చూశాడు. "ఒక్క పోగు తెగలే. రెండేండ్లు నడుస్తది. కొత్తదెందుకే అన్నా?"

"వెయ్యి" అన్నాను.

వేశాడు. చిటికెన వేలితో లివర్ లాగి చూపించాడు. "నువ్వు గుంజి చూడు." బాగుందిలే అని తాళంచెవి తీసుకున్నాను. వాడు నా మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. సిగ్గేసింది.

డిసెంబర్ 14, ఆదివారం

పాత వైరు సంచిలో సువార్తకు దొరికింది. "మొన్ననే కడిగితివి గద. గిదేంది?" ఏదో చెప్పాను. నమ్మలేదు. బండి దగ్గరికి వెళ్లి రెండు వేళ్లతో క్లచ్ లాగింది. "గింత అల్కగున్నది. ఇగ నీకేం పరేషాన్?"

వెళ్లి గడపలో కూర్చున్నాను.

వచ్చి పక్కన కూర్చుంది. నా ఎడమ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. "కండ్లు మూస్కో. ఏ వేలు వట్టుకున్ననో చెప్పు."

మూసుకున్నాను. చాలాసేపు ఆలోచించాను. "ఉంగరం వేలు" అన్నాను.

 కళ్లు తెరిచి చూస్తే నా బొటనవేలు ఆమె పిడికిట్లో ఉంది. గట్టిగా పట్టుకుని ఉంది.

రేపు కోట్‌పల్లి పోవాలి. సేటు పొద్దున్నే వెళ్లమన్నాడు.