మడత పడని ప్రోటీన్

బుధవారం

ఇవాళంతా చిరాకే. బోధన్ కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి వెనక గల్లీ లక్ష్మక్క గుమ్మంలో ఉంది. కూతురి జన్యు పరీక్ష రిపోర్టు తెచ్చింది. హైదరాబాద్‌లో ఇచ్చారు గానీ ఎవరూ విప్పి చెప్పలేదట. నేను జువాలజీ చెబుతాను కదా, నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం. పదో తరగతి చదివే శ్రావణి ఏడాదిగా మెట్లెక్కలేకపోతోంది.

చదివాను. కండరాలకు కావలసిన ఒక ప్రోటీన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఫోన్‌లో ఆ ప్రోటీన్ బొమ్మ తెరిచాను. ఇప్పుడు కంప్యూటరే దాని ఆకారాన్ని అంచనా వేసి గీస్తుంది. వేలితో తిప్పి చూపిస్తూ, "ఈడ మడత సరిగ పడ్తలేదక్కా, అందుకే కాళ్లల్ల బలం తగ్గుతుంది" అన్నాను. చెబుతుంటే నాకు హుషారు కూడా వచ్చింది, సిగ్గులేకుండా.

"గింత సక్కగ కనవడ్తుందంటే దవా గూడ ఉంటది గదా మేడం?"

లేదన్నాను. ఇన్నేళ్లుగా సైన్సులో ప్రతి కొత్త సంగతినీ క్లాసులో గొప్పగా చెప్పుకున్నాను. ఇవాళ అదంతా ఒక్క మందు చీటీకి పనికిరాలేదు.

బీడీలు చుట్టీ చుట్టీ తంబాకు మరకలు పడ్డ వేళ్లతో రిపోర్టు మడుచుకుంటూ లేచింది.

"ఆ బొమ్మ నా ఫోన్‌కు పంపుండ్రి. బడిల సారు నాటకాలంటుండు, ఆయనకు సూపిస్త. నేను గూడ గట్లనే అనుకొని పిల్లను కొట్టిన మేడం."

బొమ్మ పంపాను...