తాళం వేశాక మూడు తనిఖీలు

మనౌస్, సోమవారం

బొహుమిల్ గారికి, జాసీరా నమస్కారాలు.

కంప్యూటర్లను నడిపే కెర్నెల్లో నెట్‌వర్క్ భాగానికి పెద్దదిక్కు మీరే కనుక మీకే రాస్తున్నాను. డేటా ప్యాకెట్ల వరుసకు తాళం వేశాక ఇంకెవరూ లోపలికి రాలేరు. అయినా లెక్క సరిపోయిందా అని మూడుసార్లు తనిఖీ ఎందుకు? ఆ మూడు కోడు పంక్తులూ తీసేశాను. వాటితోనే మా నది పడవల్లోని చిన్న కంప్యూటరు పెట్టెలు ఆయాసపడుతున్నాయి. పడవ నర్సు డాక్టరుతో మాట్లాడుతుంటే మధ్యలో మాట తెగిపోతోంది. శుక్రవారంలోగా ఈ మార్పు మీరు చేర్చుకోకపోతే తర్వాతి విడుదలకు ఇంకో రెండు నెలలు ఆగాలి.

ఇట్లు,
జాసీరా

తా.క.: ఇది ఏడోసారి పంపడం. మొదటి ఆరూ గుర్తులేకపోతే మీరు అదృష్టవంతులు.

బ్ర్నో, మంగళవారం

జాసీరా గారికి,

తీసేయడం తేలికే. ఆ దారిన వచ్చే ప్రతివాడూ తాళం వేసుకునే వస్తున్నాడని నమ్మకమేమిటి? తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టు కాకూడదు.

బొహుమిల్

తా.క.: ఆరూ గుర్తున్నాయి.

మనౌస్, బుధవారం

బొహుమిల్ గారూ,

మీకు నమ్మకం లేదని అర్థమైంది. తాళం పడిందో లేదో చూడటానికి నాలుగు దారుల్లోనూ కాపలా పెట్టాను. మూడు పంక్తులు తీసి పన్నెండు చేర్చాను.

జాసీరా

తా.క.: "బాగుచేశావా అక్కా?" అని నర్సు అడిగింది. "ముందు తాళాన్ని నమ్మాలట తల్లీ" అన్నాను.

బ్ర్నో, గురువారం

జాసీరా గారికి,

"చూశాను, అందరూ వేస్తున్నారు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఊడవడానికి వచ్చి చెత్త పోసిపోతారా? ఆ పన్నెండూ తీసేయండి.

బొహుమిల్

తా.క.: ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, అలసిపోయాను. ఇంటి తలుపు కూడా తాళం వేశాక మూడుసార్లు గుంజి చూస్తున్నాను. మా ఆవిడ నాకోసం ఆగకుండా ట్రాము ఎక్కేస్తోంది.

మనౌస్, గురువారం సాయంత్రం

బొహుమిల్ గారూ,

చూశాను, అందరూ వేస్తున్నారు. పన్నెండూ తీశాను, ఆ మూడూ తీశాను. ఇక నాకు ఓపిక లేదు.

జాసీరా

తా.క.: తాళం వేసిన ఇంట్లో కర్ర పట్టుకు కూర్చున్న ఆ పిరికివాడెవడు? ఫైలు పేరు మారడంతో ఆ మూడూ ఎవరు రాశారో పాత చరిత్రలో నాకు కనబడలేదు. పేరు చెప్పండి, మర్యాద పక్కనపెట్టి ఒక ఉత్తరం రాస్తాను.

బ్ర్నో, శుక్రవారం

జాసీరా గారికి,

చేర్చుకున్నాను. నర్సుగారికి చెప్పండి.

బొహుమిల్

తా.క.: పాత పేరుతో తవ్వి చూశాను. ఆ మూడు పంక్తులూ పదకొండేళ్ళ కిందట మనౌస్ నుంచి ఒక విద్యార్థిని పంపినవి. పేరు జాసీరా. "తాళం ఉండగా ఇవెందుకండీ?" అని అప్పుడే అడిగింది పాపం. ఎందుకైనా మంచిదని పట్టుబట్టి రాయించిన పెద్దమనిషిని నేనే. ఆమె ప్రశ్నకు ఇప్పుడు జవాబిస్తున్నాను: అక్కర్లేదు. మర్యాద లేని ఆ ఉత్తరం మాత్రం తప్పక రాయండి. ఒక కాపీ నాకు పంపి, ఇంకోటి మీ దగ్గరే ఉంచుకోండి.