అమ్మ పెట్టెలోని తెల్లగుడ్డ

తాండూరు,
గురువారం.

ప్రియమైన రెబెక్క అక్కకు, ప్రభువు పేరిట తమ్ముడు యోబు వందనాలు. నేను, పిల్లలు కుశలమే. అమ్మ సంగతి ఉత్తరంలో రాయవలసి వచ్చింది; ఫోనులో చెబుదామంటే ఆమె పక్కనే ఉంటుంది.

నీవు మల్లేశ్ గురించి అడిగావు. మా బండల పాలిషింగ్ యూనిట్‌లో అతని కుడి ముంజేయి విరిగినప్పుడు కట్టు నేనే కట్టాను. త్రికోణపు గుడ్డ మొన మోచేతి వైపు, ఒక కొస ఎడమ భుజం మీదుగా, రెండో కొస చేతిని ఎత్తుకుంటూ మెడ పక్కకు. ముడి ఎముక మీద పడకూడదు, గోళ్లు కనబడాలి. "పెండ్లికొడుకు లెక్క ముస్తాబు చేస్తున్నవ్ సార్, జర జల్ది కట్టు," అని అంత నొప్పిలోనూ నవ్వించాడు. ఆసుపత్రిలో పిండికట్టు వేసి, నేను కట్టిన మెడకట్టునే ఇరవై ఒక్క రోజులు ఉంచమన్నారు.

పోయిన ఉత్తరం కింద అమ్మ సంతకం ఎందుకు లేదనీ అడిగావు.

యూనిట్ ప్రథమ చికిత్స పెట్టెలో గుడ్డలు అయిపోతే, అమ్మ ట్రంకు అడుగున దొరికిన తెల్లగుడ్డను మూలకు మూల కత్తిరించి పెట్టాను. మల్లేశ్‌కు కట్టింది ఆ గుడ్డే. ఆ ట్రంకులోని ప్రతి బట్టకూ నా జాబితా ఉంది. ఇది అందులో లేదు కనుక ఎవరిదీ కాదనుకున్నాను. అది తన శవపేటికలో పరచడానికి అమ్మ దాచుకున్నదట.

కట్టు కట్టిన సాయంత్రం నుంచి అమ్మ కుడిచేయి మడిచి గుండెల మీద ఉంది, మల్లేశ్‌కు కట్టిన కోణంలోనే. చాపుదామంటే రాదు. నొప్పి లేదంటుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఏమీ లేదన్నాడు. నాలుగో రోజు ఆమె వేళ్లు చల్లబడ్డాయి, పదో రోజు మోచేయి, నిన్న భుజం. మల్లేశ్ చేయి మాత్రం వెచ్చగా ఉంది. "ఎవలో ముసలామె పట్టుకున్నట్టే ఉంటది సార్," అంటాడు. అతనికి నేనేమీ చెప్పలేదు.

పన్నెండో రోజు వేరే గుడ్డ కడదామని ముడి వదులు చేశాను. నా కళ్ల ముందే అతని గోళ్లు నీలమయ్యాయి. మళ్లీ బిగించాను. ఇంటికి వచ్చి అమ్మకు ఉన్నదున్నట్లు చెప్పాను.

"ఇప్పకురా యోబూ," అంది. "వానికి ఇద్దరు పిల్లలు. బండలు ఎత్తే చెయ్యది. నాకు గీ చెయ్యితోని ఇంకేం పనున్నది?"

నేను విప్పలేదు అక్కా. గడువు ఆదివారంతో తీరుతుంది. నీవు విప్పమంటే ఆ క్షణమే విప్పుతాను, ఒక్కడినే తేల్చుకోలేకపోతున్నాను. తాండూరులో దిగు, స్టేషనుకు వస్తాను. ఈ ఉదయం చూశాను, అమ్మకు గుండె ఉన్న ఎడమవైపు ఇంకా వెచ్చగానే ఉంది.

ఇట్లు,
నీ రాకకై ఎదురుచూసే తమ్ముడు,
యోబు