పద్నాలుగు అడుగుల దూరం

సెప్టెంబరు 2, మంగళవారం

నా కొడుకు యుగంధర్ పోయి ఇరవై నాలుగు రోజులు. వాడి నోటుబుక్కులో ఖాళీ పేజీలు మిగిలాయి. వాటిలో రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే ఉండనీ, ఎవరు చూడొచ్చారు.

ఇవాళ గుడివాడ నుంచి హేమంత్ వచ్చాడు. మావాడితో ఎంటెక్ చదివే పిల్లాడు. వాకిట్లో కరెంటు స్తంభం చూశాడు. యుగంధర్ పడిపోయింది ఎక్కడ పిన్నీ అన్నాడు. గుడ్డలు జాడించే తొట్టి దగ్గర చూపించాను. టేపు తీసి, ఆ కొస నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. పద్నాలుగు అడుగులు.

యుగంధర్ రాసిన ప్రోగ్రామ్ ఒకటుందట. కరెంటు లీకైతే తడినేలలో ఎంత దూరం పాకుతుందో లెక్కకట్టి బొమ్మ వేస్తుందట. స్తంభం వల్లే పోయాడని దాంతో కరెంటు వాళ్ల ఎంక్వైరీలో రుజువు చేస్తాను, వాడి సాక్ష్యం వాడే చెప్పుకుంటాడు పిన్నీ అన్నాడు.

అన్నం పెట్టాను. పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

సెప్టెంబరు 3

స్తంభం కాదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

రాసేస్తాను.

ఆ శనివారం తెల్లవార్లూ వాన కురిసి పొద్దున్నకి వెలిసింది. పెడనలో మా అద్దకం వాళ్లకి ఎండ దొరికితే వదలకూడదు. మోటారు పెట్టి తొట్టిలో గుడ్డలు జాడించాను. మోటారు వైరు రంగునీళ్లలో నానుతోందని తీసి దండెం మీద వేశాను. మా దండెం ఇనపతీగ. తడిసిన గుడ్డల బరువుకి తాళ్లు ఆగవు.

అంతకుముందు రెండుసార్లు వాడే ఆ వైరు తీసేశాడు. తీగకి రాసుకుని పైతొడుగు ఊడిపోతుంది, ఆపైన తడిగుడ్డ వేశావంటే పోతావే అమ్మా అన్నాడు. అబ్బో, ఇంజనీరు గారు సెలవిచ్చారు అని ఎగతాళి చేశాను. చదివించింది నువ్వేగా, అందుకైనా విను అన్నాడు. వినలేదు.

దండెం మీద గుడ్డ వేస్తూ ఈ కొస లాగి పట్టుకోరా అని కేకేసింది కూడా నేనే. ఉత్తకాళ్లతో వచ్చాడు. పట్టుకున్నవాడు అలాగే బిగుసుకుపోయాడు.

ప్లగ్గు పీకాను. వాడు పడ్డాడు. పక్కింటి నాంచారమ్మ గారు పరిగెత్తుకొచ్చింది. వానొస్తే ఆ స్తంభం జివ్వుమంటోందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానే, విన్నారా ఆ కరెంటోళ్లు అని ఏడ్చింది. అందరూ స్తంభం వంక చూశారు. నేను తలూపాను. అంతే, తలూపాను.

వాణ్ణి బందరు ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆటోలోకి ఎక్కిస్తుంటే, నేను వెనక ఉండిపోయి తీగా వైరూ చుట్టచుట్టి కట్టెల కింద తోశాను. వాడి తల ఒళ్లో పెట్టుకోవాల్సినదాన్ని. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చిన పని అది.

సెప్టెంబరు 9

హేమంత్ బొమ్మ తెచ్చి చూపించాడు. మా వాకిలి. నేలంతా మూడుమూలల ముక్కలు. స్తంభం దగ్గర సన్నవి, దూరం పోయేకొద్దీ పెద్దవి. కరెంటు గబగబా మారేచోట సన్న ముక్కలు కావాలట. మాకూ అంతే, సన్నపనికి చిన్న అచ్చు కావాలి అన్నాను. అయితే మీరూ సిమ్యులేషన్ చేస్తారన్నమాట అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. నవ్వడానికి నాకేం హక్కుంది.

స్తంభం చుట్టూ ఎరుపు, దాని చుట్టూ పసుపు. తొట్టి దగ్గర అంతా నీలం. నీలం అంటే ఏమీ కాదట. ఎంత పెద్ద లీకు పెట్టినా పద్నాలుగు అడుగుల దూరంలో చీమ కుట్టినట్టు కూడా ఉండదు పిన్నీ, నేనే ఎక్కడో తప్పు చేస్తున్నాను అన్నాడు. ముక్కలు ఇంకా సన్నవి చేసి చూస్తాడట.

చెప్పలేదు.

సెప్టెంబరు 13

లైన్‌మన్ జీవన్ కుమార్ వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. నా మాట మీద సస్పెండ్ చేశారు ఆయన్ని. ఎంక్వైరీలో తప్పు లేదని తేలకపోతే ఉద్యోగమే పోతుందట. అక్కా, ఆ స్తంభానికి జూన్లో నా చేతులతో ఎర్తింగ్ వేశాను, ఒక్కసారి గుర్తు చేసుకోండక్కా అన్నాడు.

గోడ మీంచి నాంచారమ్మ గారు అందుకుంది. ఎర్తింగే వేశావో, టీ తాగి వెళ్లావో, చూసిందెవరయ్యా అంది.

నేను చూశాను. ఆ టీ ఇచ్చింది నేనే. తాగేసి గుంట తవ్వాడు. లోపలికి వెళ్లిపోయాను.

సెప్టెంబరు 17

హేమంత్ ఫోన్ చేశాడు. ముక్కలు ఎంత సన్నవి చేసినా అదే లెక్క వస్తోందట. మనిషి నిజంగా పోయినచోట పోడని చెప్పే ప్రోగ్రామ్ ఎందుకయ్యా, పక్కన పడెయ్ అన్నారట వాళ్ల సారు. అది మావాడి రెండేళ్ల కష్టం. రాయడంలోనే ఎక్కడో తప్పు చేసుంటాడు పిన్నీ, వాడికి తొందరెక్కువగా అన్నాడు.

ఊఁ అన్నాను.

వాడి లెక్క తప్పంటే ఊఁ అన్నాను. స్తంభం అన్నప్పుడు తలూపినట్టే.

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున్న మొదటి బస్సుకే గుడివాడ వెళ్లాను. సంచిలోంచి తీగా వైరూ తీసి హేమంత్ బల్ల మీద పెట్టాను. పైతొడుగు ఊడినచోటు చూపించాను. అంతా చెప్పాను.

వైరు చేతిలోకి తీసుకుని ఊడినచోట వేలితో తడిమాడు. తర్వాత తీగ ఎంత ఎత్తులో ఉంది, ఏ చేత్తో పట్టుకున్నాడు అని అడిగాడు. పిన్నీ అనలేదు. అండీ అన్నాడు.

తీగా, తడిగుడ్డా, వాడి చేతులూ, వాడి కాళ్లూ అన్నీ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించాడు. నా ఎదురుగానే లెక్క నడిచింది. వాడు నిలబడ్డచోట ఎర్రగా వచ్చింది.

హేమంత్ గోడవైపు తిరిగాడు. యుగంధర్ రాసిందాంట్లో తప్పేం లేదండీ అన్నాడు.

సెప్టెంబరు 22

ఎంక్వైరీలో చెప్పాను. కేసు పెడతారేమో అన్నారు. పెట్టుకోమన్నాను. రాసింది చదివి వినిపించి సంతకం పెట్టమన్నారు. జీవన్ కుమార్ బయట బెంచీ మీద ఉన్నాడు. దణ్ణం పెట్టబోతే లేచి దూరంగా వెళ్లిపోయాడు. నాంచారమ్మ గారు మాట్లాడటం మానేసింది. మంచిదే.

సెప్టెంబరు 30

ప్రోగ్రామ్ ఉంచారట, మావాడి పేరుతోనే. హేమంత్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ బొమ్మలో నన్ను కూడా పెట్టమన్నాను. తొట్టికి ఇవతల, చెప్పులతో. ఎందుకండీ అన్నాడు. పెట్టి పంపమన్నాను.

పంపాడు. నేను నీలంలో ఉన్నాను.